బరంపురం కరెంటుకు తట్టుకునే సెకండ్‌హ్యాండ్ యాంప్ ఏది?

కెఫ్ ఎల్‌ఎస్50 స్పీకరు చూడ్డానికి అడుగు ఎత్తు పెట్టె. ఇంత చిన్నదానికి అంత పెద్ద యాంప్ ఎందుకనిపిస్తుంది. దాని సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకు మీటరు దూరంలో ఇచ్చే శబ్దం, 85 డీబీ. ఇంపీడెన్స్ (కరెంటును అడ్డుకునే కొలత, ఇది తగ్గే కొద్దీ యాంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి) వెనక 8 ఓములని రాసి ఉన్నా ఒకచోట 3.2 ఓములకు దిగుతుంది. పలక ఆకారంలో ఉండే మాగ్నెపాన్ ఎల్‌ఆర్‌ఎస్ ఇంకా మొండిది. అది 4 ఓముల స్పీకరు. కాగితం మీద 2.83 వోల్టులకు 86 డీబీ అని ఉంటుంది గానీ, 4 ఓముల మీద 2.83 వోల్టులంటే 2 వాట్లు. ఒక్క వాటుకు లెక్కేస్తే 83 డీబీయే. ఇలాంటి స్పీకర్లను మామూలు 40 వాట్ల యాంప్‌కు తగిలిస్తే పాట వినిపిస్తుంది, ప్రాణం మాత్రం ఉండదు. వాల్యూమ్ పెంచిన కొద్దీ బాస్ పలచబడి, గొంతు గరగరమంటుంది.

కొత్తవి కొనాలంటే ధర చుక్కల్లో ఉంటుంది కాబట్టి సెకండ్‌హ్యాండే దారి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్నవాళ్లకు సరుకు ఎక్కువగా విశాఖ, భువనేశ్వర్, కలకత్తా, చెన్నైల నుంచే రావాలి. మెయిన్ లైన్ మీద ఉన్న బరంపురానికి కలకత్తా చాందినీ చౌక్, చెన్నై రిచ్చీ స్ట్రీట్ రెండూ ఒక్క రైలు దూరమే. తేవడం కష్టం కాదు. తెచ్చాక అది ఇక్కడి కరెంటుకు, ఇక్కడి వానకు నిలుస్తుందా, పాడైతే ఇక్కడి మెకానిక్ చేతిలో బాగవుతుందా అన్నదే చూడాలి.

తీర్పు ముందే చెప్పేస్తే సరిపోతుంది. 230 వోల్టులకే పుట్టిన నాడ్ సీ 272, సీ 275బీఈఈ, రోటెల్ ఆర్‌బీ-1080, వీటిలో లోపల శుభ్రంగా ఉన్నది ఏది దొరికితే అది మొదటి వరస. క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1502 రెండో వరస. ఎవరి గదిలో ఫ్యాన్ ఎలాగూ తిరుగుతూ ఉంటుందో వాళ్లకు అదే మొదటి వరస. అమెరికా 120 వోల్టుల ఇనుప దిమ్మెలు మనసు లాగుతాయి. వాటి దగ్గరికి లెక్క తెలిసినవాళ్లే వెళ్లాలి.

ఎన్ని వాట్లు కావాలి

పన్నెండు, పద్నాలుగు అడుగుల గది అనుకుందాం. స్పీకర్లకు పది అడుగుల దూరంలో కుర్చీ. 85 డీబీ స్పీకరు ఒక మీటరు దగ్గర ఇచ్చే శబ్దం అంత దూరంలో సుమారు 6 డీబీ తగ్గుతుంది. స్పీకర్లు రెండు కాబట్టి 3 డీబీ తిరిగొస్తుంది. అంటే ఒక్కో వాటుకు కుర్చీలో 82 డీబీ. మృదంగం దెబ్బ, తబలా చాపు 100 డీబీకి ఎగరాలంటే ఇంకో 18 డీబీ కావాలి. ప్రతి 3 డీబీకి వాట్లు రెట్టింపవుతాయి కాబట్టి 63 వాట్లు. 103 డీబీ కావాలంటే 126. అందుకే 8 ఓముల మీద 100 నుంచి 200 వాట్ల మధ్య ఉన్నది చాలు. 500 వాట్ల మీద మోజు పెట్టుకోనక్కర్లేదు. ఎల్‌ఎస్50కి కంపెనీ చెప్పిన పరిధి 25 నుంచి 100 వాట్లు. 150 వాట్ల యాంప్ పెట్టినా ప్రమాదం లేదు, చెయ్యి అదుపులో ఉంటే. చిన్న యాంప్‌ను చివరిదాకా తిప్పడమే ఎక్కువ ప్రమాదం. క్లిప్ అయినప్పుడు, అంటే యాంప్ తన శక్తి హద్దును తాకినప్పుడు, ఎగిరే దెబ్బలు ఆగిపోయి, మిగతాదంతా పెరుగుతూ పోతుంది. ట్వీటర్ మీద పడే సగటు భారం పెరిగి కాయిల్ కాలుతుంది.

వాట్ల కంటే కరెంటు ముఖ్యం. 8 ఓముల మీద 100 వాట్లంటే 28.3 వోల్టులు. అదే వోల్టేజీ 3.2 ఓముల మీద పడితే 8.8 ఆంపియర్లు లాగుతుంది, శిఖరం దగ్గర 12.5. అక్కడికి వాట్లు 250 అవుతున్నాయన్నమాట. ఇంపీడెన్స్ కిందికి దిగిన చోటే ఫేజ్ (వోల్టేజీకి, కరెంటుకు మధ్య వచ్చే ముందువెనకల తేడా) కూడా 45 డిగ్రీలు తిరిగితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు 4 ఓములు కాస్తా సుమారు 2 ఓముల్లా తగులుతుంది. అందుకే స్పెసిఫికేషన్ కాగితంలో 8 ఓముల అంకె పక్కనే 4 ఓముల అంకె చూడాలి. 8కి 100, 4కి 170 దాటితే సప్లై గట్టిదే. 4 ఓముల ఊసే ఎత్తకపోతే, లేదా వెనక "6 ఓములకు తగ్గరాదు" అని ముద్రించి ఉంటే, ఆ యాంప్ ఈ పనికి కాదు.

కరెంటు సంగతి

నాడ్, రోటెల్ లాంటి ఏబీ క్లాసు (పాత పద్ధతి) యాంపుల్లో లోపలి డీసీ రైళ్లు, అంటే ట్రాన్సిస్టర్లకు అందే సప్లై వోల్టేజీలు, గోడ కరెంటుతో పాటే పెరిగి తరుగుతాయి. సాయంత్రం 230 కాస్తా 190కి దిగితే 150 వాట్ల యాంప్ 100 వాట్ల యాంప్ అయిపోతుంది. వోల్టేజీ 17 శాతం తగ్గితే వాట్లు మూడో వంతు పోతాయి. "పగలు బాగా పాడుతుంది, రాత్రి నీరసంగా ఉంటుంది" అనేవాళ్లు కేబుళ్లు మార్చే ముందు ఒకసారి సాకెట్‌లో మీటరు పెట్టి చూడాలి. పెరిగినా ముప్పే. 150 వాట్ల యాంప్‌లో రైలు ఖాళీగా ఉన్నప్పుడు 58 వోల్టుల దరిదాపుల్లో ఉండొచ్చు. ఫిల్టర్ కెపాసిటర్లు 63 వోల్టులవైతే, గోడ కరెంటు 260కి వెళ్లిన రోజు రైలు 65 దాటుతుంది. ఉబ్బిన కెపాసిటర్లు చాలావరకు ఇలాంటి రోజులు చూసినవే. బరంపురం కేంద్రంగా దక్షిణ ఒడిశాకు కరెంటు ఇస్తున్న టీపీఎస్‌ఓడీఎల్ 2021 జనవరిలో వచ్చింది. వోల్టేజీ మాత్రం ఊరిని బట్టి, మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎంత దూరమన్నదాన్ని బట్టి ఉంటుంది. వారం రోజులు పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి కొలిచి రాసుకుని, ఆ తర్వాతే ఏ యాంప్ కొనాలో తేల్చుకోవాలి.

నాడ్, రోటెల్

నాడ్ సీ 272, ఆ తర్వాత వచ్చిన సీ 275బీఈఈ రెండూ చానెల్‌కు 150 వాట్ల పవర్ యాంపులు. వాట్లు పెంచి రాసుకోవడం ఈ కంపెనీకి అలవాటు లేదు. పాటలోని క్షణికమైన దెబ్బలకు రాసిన దానికంటే ఎక్కువే ఇస్తాయి. వెనక సాఫ్ట్ క్లిప్పింగ్ (హద్దు దాటినప్పుడు శబ్దాన్ని మెత్తగా తెంపే) స్విచ్ ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్లో చుట్టాలొచ్చి వాల్యూమ్ పెంచే ఇంట్లో అది ఆన్‌లోనే ఉంచడం మేలు. పరీక్షించేటప్పుడు మాత్రం ఆఫ్ చేయాలి. రెండు చానెళ్లనూ కలిపి ఒకటి చేసే బ్రిడ్జ్ స్విచ్‌తో జాగ్రత్త. అమ్మేవాళ్లు తెలియక బ్రిడ్జ్‌లో వదిలేస్తే, 4 ఓముల స్పీకరు ఒక్కో సగానికి 2 ఓముల్లా కనిపిస్తుంది. ప్రొటెక్షన్ పడితే అదృష్టం. ఈ స్పీకర్లకు బ్రిడ్జ్ అనేదే వద్దు.

రోటెల్ ఆర్‌బీ-1080 చానెల్‌కు 200 వాట్లు. రోటెల్ తన టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్లను తానే తయారు చేసుకుంటుంది. ఎత్తి చూస్తే ఆ బరువు నడుముకు తెలుస్తుంది. మాగ్నెపాన్ లాంటి వాటికి నాడ్ కంటే ఇదే ఒక మెట్టు పైన. బాస్‌లో పట్టు ఎక్కువ. కాకపోతే మే నెలలో బరంపురం ఎండకు ఇది మూసిన టీవీ స్టాండులో ఉండలేదు. పైన, పక్కల కనీసం ఆరంగుళాలు ఖాళీ ఇవ్వాలి. అరగంట పాడాక హీట్‌సింక్ మీద అరచెయ్యి అయిదు సెకన్లు ఆనలేకపోతే అది 60 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు. గాలి చాలట్లేదు, లేదా బయాస్ (పాట లేకపోయినా ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) ఎక్కువైంది.

రెండింటికీ ఒక లాభం ఉంది. లోపల బోర్డులు పెద్దవి, భాగాలు విడివిడిగా ఉంటాయి. టంకం పట్టగల రేడియో మెకానిక్ ఎవరైనా సర్వీస్ మాన్యువల్ పెట్టుకుని బాగు చేయగలడు.

క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1502

8 ఓములకు 300, 4 ఓములకు 525 వాట్లు. బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువే. పాతకాలం శ్రోతలకు ఇది నమ్మబుద్ధి కాదు, బరువు లేని యాంప్‌లో బలం ఎక్కడిదని. ఇది డీ క్లాసు, సప్లై స్విచ్చింగ్ రకం, అంటే బరువైన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 4 ఓముల స్పీకరుకు ఈ ధరలో ఇంత కరెంటు ఇచ్చేది మరొకటి దొరకడం కష్టం.

లోపాలూ ఉన్నాయి. ఫ్యాన్ ఉంది. సద్దు లేని గదిలో వీణ ఆలాపన వింటే అది చెవికి తగులుతుంది. ఇన్‌పుట్ సెన్సిటివిటీ 0.775 వోల్టుల మీద పెడితే ట్వీటర్‌లో హిస్ పెరుగుతుంది. ఇంట్లో డాక్ (డిజిటల్ పాటను శబ్ద సిగ్నల్‌గా మార్చే పెట్టె) సాధారణంగా 2 వోల్టులు ఇస్తుంది కాబట్టి 1.4 వోల్టుల మీదే ఉంచాలి. లోపలి క్రాస్‌ఓవర్‌ను (బాస్‌ను, పైస్థాయిలను విడదీసే ఫిల్టర్‌ను) పాత యజమాని ఆన్ చేసి మరిచిపోయి ఉండొచ్చు. బాస్ లేదని యాంప్‌ను తిట్టే ముందు మెనూలో అది ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి. స్పీకర్ల స్వభావాన్ని బట్టి పైస్థాయిలు కాస్త ఎండినట్టు అనిపిస్తాయి. ఎల్‌ఎస్50తో ఇది అంత తెలియదు. అసలు కష్టం రిపేరు. అన్నీ బోర్డు మీదే అతికించిన చీమ తలంత ఎస్‌ఎమ్‌డీ భాగాలు. పాడైతే బోర్డు మార్చడమే, అది మన ఊళ్లో అయ్యే పని కాదు.

స్టేజీ మీద పనిచేసి వచ్చిన పీస్ అయితే ఇంకా జాగ్రత్త. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో ఒక సౌండ్ సెట్ తినే దుమ్ము, ఎండ, జెనరేటర్ కరెంటు ఇంట్లో ఇరవై ఏళ్లకు కూడా రావు. ఫ్యాన్ జాలీలో దుమ్ము గుడ్డలా పేరుకుపోయి ఉంటే బేరమే ఆడొద్దు.

అమెరికా, జపాన్ సరుకు

నెల్సన్ పాస్ డిజైన్ చేసిన ఆడ్‌కామ్ జీఎఫ్‌ఏ-555 చానెల్‌కు 200 వాట్లు. జాన్ కర్ల్ పనిచేసిన పారాసౌండ్ ఏ21 అయితే 250. కష్టమైన స్పీకర్లకు చెయ్యి తిరిగిన యాంపులు. సెకండ్‌హ్యాండ్‌లో అమెరికా నుంచి వచ్చినవైతే 120 వోల్టులవి కావచ్చు. వెనక లేబుల్ మీద వోల్టేజీ చదవకుండా డబ్బు ఇవ్వకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు 120 వోల్టుల ప్రైమరీలు (గోడ కరెంటు వైపు చుట్లు) రెండుంటే వాటిని సిరీస్‌లో కలిపి 240 చేసుకోవచ్చు, మాన్యువల్ చూసి చేసే పని. ఒకటే ఉంటే బయట వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 200 వాట్ల జోడీ చానెళ్లకు 1000 వీఏకు తగ్గకూడదు. 1500 అయితే నిశ్చింత. చవక ఆటో ట్రాన్స్‌ఫార్మర్లలో ఎర్త్ పిన్ చాలాసార్లు ఉత్తదే. లోపల దేనికీ కలిసి ఉండదు.

ఇంకొకటి చాలామంది చూడరు. లేబుల్ మీద "60 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే, మన 50 హెర్ట్జ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అయిదో వంతు ఎక్కువ భారం మోస్తుంది. వేడెక్కి గుయ్యిమంటుంది. స్టెప్‌డౌన్ వోల్టేజీని మారుస్తుందేగాని హెర్ట్జ్‌ను మార్చదు. జపాన్ సరుకు ఈ విషయంలో నయం. ఆ దేశంలో టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 కాబట్టి "100 వోల్టులు, 50/60" అని రాసి వస్తుంది. అయితే 100 వోల్టుల స్టెప్‌డౌన్ వేరే. 110 వోల్టులదాన్ని తగిలించి రైళ్లు పదో వంతు పైకి లేపొద్దు.

క్వాడ్ 405 గురించి ఒక్క ముక్క. 1975లో వచ్చిన మంచి యాంప్, 100 వాట్లు. కరెంట్ లిమిటింగ్ వల్ల 3 ఓముల స్పీకరు దగ్గర చేతులెత్తేస్తుంది. పేరు చూసి ఈ పనికి కొనకండి. పంచాయతీ మైకు సెట్లలోని 100 వోల్టుల లైన్ యాంపుల ప్రస్తావన అసలే అక్కర్లేదు.

మూత తీసి చూడాల్సినవి

"కండిషన్ పీస్, చెయ్యి పెట్టలేదు" అనేది ప్రతి అమ్మకందారూ చదివే మంత్రం. "అన్నా, పై మూత తీసి నాలుగు వైపుల నుంచి ఫోటోలు పెట్టండి" అని అడిగితే సగం బేరాలు అక్కడే తేలిపోతాయి.

ఫోటోల్లో మొదట చూడాల్సింది వరద నీళ్లు వదిలిన గీత. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచింది. నీళ్లలో నానిన యాంప్‌ను పైపైన కడిగి అమ్మొచ్చు గానీ, బోర్డు అడుగున, ట్రాన్స్‌ఫార్మర్ కింద, స్క్రూల తలల్లో మట్టి మరక పోదు. తీరం ఊళ్లలో ఉప్పుగాలికి స్పీకర్ టెర్మినళ్లు, ఆర్‌సీఏ జాకులు పచ్చబడతాయి. కొండ ప్రాంతంలో బల్లులు, చీమలు. సప్లై బోర్డు మీద ఎండిన బల్లి ఉంటే చుట్టూ నల్లమచ్చ ఉందేమో చూడాలి. కెపాసిటర్ల కింద పసుపు జిగురు గోధుమరంగుకు మారితే అది కరెంటును పాకనిస్తుంది, పక్క కాళ్లను తినేస్తుంది. గీకి తీయాల్సిందే.

తర్వాత అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు. రెండు చానెళ్లలోనూ ఒకే నంబరు, ఒకే అచ్చు ఉండాలి. ఒకవైపు అసలువి, ఇంకోవైపు 5200–1943 జోడీ కనిపిస్తే ఆ చానెల్ ఒకసారి పేలిందన్నమాట. తోషిబా 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 అసలువైతే 230 వోల్టులు, 15 ఆంపియర్లు తట్టుకుంటాయి. వాటికి బజారులో నకిలీలు బోలెడు. లోపలి చిప్ చిన్నది, మొదటి పెద్ద దెబ్బకే షార్ట్ అవుతుంది. ఒక అవుట్‌పుట్ షార్టయితే దాని డ్రైవరు, ఎమిటర్ రెసిస్టరు కూడా తింటుంది. పోయిన ఒక్కటే మార్చి అమ్మకానికి పెట్టింది నెల కూడా ఆగదు.

చేతిలో పెట్టుకెళ్లాల్సినవి కొద్దే: మల్టీమీటరు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు (యాంప్‌కు కరెంటు బల్బు గుండా వెళ్లేలా చేసేది), 8 ఓముల 100 వాట్ల అల్యూమినియం రెసిస్టర్లు రెండు, పోయినా బాధలేని చిన్న స్పీకర్ల జత. ముందు ప్లగ్గు తీసి ఉంచి కొలవాలి. ఎర్త్ పిన్ను ఉంటే దానికి, ఛాసిస్‌కు (లోహపు ఒంటికి) మధ్య దాదాపు సున్నా ఓములు రావాలి. ఫేజ్, న్యూట్రల్ పిన్నుల నుంచి ఛాసిస్‌కు ఏమీ రాకూడదు. ఆ తర్వాత సిరీస్ బల్బు మీద ఆన్ చేస్తే, బల్బు ఒక్కసారి వెలిగి, కెపాసిటర్లు నిండాక మసకబారాలి. వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్ ఉన్నట్టే, ఇక కట్టేసి నమస్కారం పెట్టి రావచ్చు. ఈ బల్బు పరీక్ష ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాటికే. క్రౌన్ లాంటి స్విచ్చింగ్ సప్లైని బల్బు మీద పెడితే మంచిది కూడా ఆగి ఆగి ఎగురుతుంది, చెడ్డదని పొరబడతారు.

నేరుగా కరెంటు ఇచ్చాక, ఇన్‌పుట్‌కు ఏమీ కలపకుండా, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవాలి. 50 మిల్లీవోల్టుల లోపు మంచిది. 100 దాటితే పని ఉంది. వోల్టుల్లో వస్తే స్పీకరు జోలికే పోవద్దు. అరగంట వేడెక్కాక మళ్లీ కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు 10 ఉండి వేడిలో 120కి పాకేవి ఉంటాయి. మాన్యువల్ ఉంటే ఎమిటర్ రెసిస్టర్ మీద బయాస్ కూడా చూడొచ్చు. 0.22 ఓముల మీద 10 మిల్లీవోల్టులంటే సుమారు 45 మిల్లీ ఆంపియర్లు. రెండు చానెళ్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది అంకె కంటే ముఖ్యం.

తర్వాత భారం. ఫోన్లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, 8 ఓముల రెసిస్టరు మీద 10 వోల్టులు వచ్చేదాకా పెంచి, రెండో రెసిస్టరును దానికి సమాంతరంగా కలిపితే భారం 4 ఓములవుతుంది. వోల్టేజీ కొద్దిగా మాత్రమే తగ్గాలి. ఒక వోల్టు పడిపోయిందంటే స్పీకర్లను కలిపి విడదీసే రిలే కాంటాక్టో, టంకమో చెడి ఉండొచ్చు. రెసిస్టర్లు నిమిషంలో కాలతాయి, చెయ్యి పెట్టొద్దు.

చివరగా చిన్న స్పీకర్లతో, చాలా తక్కువ వాల్యూమ్‌లో వినాలి. ఒక చానెల్ మాయమై, వాల్యూమ్ పెంచగానే తిరిగొస్తే అవుట్‌పుట్ రిలే నల్లబడింది. అది చవక పని, రిలే మార్చేస్తే సరి. వెండి పూత ఉన్న కాంటాక్టును గరుకు కాగితంతో రుద్దితే వారానికే మళ్లీ మొదలవుతుంది. హమ్ ఉంటే ఏ హమ్మో చెవి పట్టాలి. మందంగా 50 హెర్ట్జ్ అయితే గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు చుట్టుగా కలవడం) కావచ్చు, ఇన్‌పుట్ తీయగానే పోతుంది. గరుకుగా 100 హెర్ట్జ్ అయి, ఇన్‌పుట్ తీసినా ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండాయి. పెద్ద కెపాసిటర్లు, రిలే, ట్రాన్సిస్టర్ల కింద వేడి లాగే పేస్టు మార్పించడానికి కొన్న ధరలో పావు వంతు పక్కన పెట్టుకునే బేరం ఆడాలి.

ఇంటికి తెచ్చాక

పార్శిల్ ఆఫీసులో వేస్తే టొరాయిడ్ (గుండ్రని ట్రాన్స్‌ఫార్మర్) బోల్టు వదులై, బోర్డు మీద పడి యాంప్‌ను నాశనం చేసిన సందర్భాలు తక్కువేం కాదు. పలాస నుంచో విశాఖ నుంచో అయితే కారు సీటు మీద బెల్టు వేసి తేవడం మేలు. నౌపడ–గుణుపురం రైల్లో అయితే సీటు కింద నేల మీద, నిలబెట్టకుండా. బోల్టు బిగించేటప్పుడు ఒక నియమం ఉంది. టొరాయిడ్ మధ్య బోల్టు కింద ఛాసిస్‌కే తగలాలి. దాని పై కొస మూతకు కూడా తగిలితే మొత్తం ఒక షార్ట్ చుట్టు అవుతుంది, ఆన్ చేయగానే ఫ్యూజు పోతుంది.

16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకే కలపాలి. ఆన్ చేసిన క్షణంలో టొరాయిడ్ లాగే కరెంటుకు బీ రకం ఎంసీబీ (మెయిన్ బోర్డులో తనంతట తానే పడే స్విచ్) పడిపోతుంటే యాంప్ చెడిపోయిందని కాదు, సీ రకం వేయించండి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య మీటరు పెడితే రెండు మూడు వోల్టులు మించకూడదు. రాయగడ, కోరాపుట్ ఎర్రనేలల్లో వేసవికి ఎర్త్ గొయ్యి ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు గొయ్యిలో నీళ్లు పోస్తుండాలి. స్టెబిలైజర్ పెడితే సర్వో రకం, యాంప్ లాగే దానికి రెట్టింపు వీఏతో. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే కరెంటు పోయినప్పుడు యాంప్ కట్టేయండి, టొరాయిడ్ మూలుగుతుంది. స్పీకర్ వైరు అయిదు మీటర్ల లోపు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ చాలు. రానూపోనూ 0.08 ఓములే. 1 చదరపు మిల్లీమీటరుదైతే 0.19 దాకా పోతుంది, 4 ఓముల స్పీకర్లో ఆ తేడా బాస్‌లో వినిపిస్తుంది.